పొదుగులో పాలున్నా పిల్లలు చిక్కిపోయిన షెడ్డు: ఒక కేసు వివరణ

బెంగళూరు ఉత్తర శివార్లలో, దొడ్డబళ్ళాపుర రోడ్డుకు లోపలగా ఉన్న ఒక పందుల ఫారంలో రెండు వేసవుల మీద నడిచిన కేసు ఇది. ఫారాన్నీ కుటుంబాన్నీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు వదిలేశాను, కొన్ని మార్చాను. లక్షణాలు, చేసిన పరీక్షలు, ఒక్కో నిర్ణయం వెనుక ఉన్న ఆలోచన మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. "తల్లికి పాలు పడలేదు" అన్న ఫిర్యాదు పందుల వైద్యంలో తరచూ వినేదే. ఆ మాట వినగానే చెయ్యి పాలు దించే హార్మోను ఆక్సిటోసిన్ సీసా మీదికి పోవడమూ మామూలే. ఈ కేసులో పొదుగులో పాలున్నాయి, పొదుగుకు జబ్బు లేదు, పిల్లలు పుట్టుకతో బలహీనమైనవి కావు. అయినా వాటి కడుపులు నిండలేదు. కారణం మందుల పెట్టెలో దొరికేది కాకపోవడం వల్లే ఈ కేసు రాయదగినదిగా అనిపించింది.

నేపథ్యం

యజమాని కుటుంబం చిత్తూరు జిల్లా నుంచి వచ్చి బెంగళూరు చుట్టుపక్కల స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. పాతిక దాకా తల్లిపందులు ఉన్నాయి. ఎక్కువ భాగం లార్జ్ వైట్ యార్క్‌షైర్, ల్యాండ్‌రేస్ సంకరాలు. మాంసానికి పెంచే పందులకు నగరంలోని హోటళ్ళ నుంచి తెచ్చిన మిగులు ఆహారాన్ని బాగా ఉడికించి పెడతారు. చూడి పందులకూ పాలిచ్చే తల్లులకూ మాత్రం మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు కలిపిన దాణా ఇస్తారు. పిల్లలకు 42 రోజులకు పాలు మాన్పిస్తారు.

ఈనే షెడ్డు కొత్తది. అంతకుముందు సగం గోడల పాత కొట్టంలో, రాగి గడ్డి పరిచిన నేల మీద పందులు ఈనేవి. కొత్త షెడ్డులో ఒకే వరసలో ఎనిమిది గదులు, ప్రతి గదిలో ఇనుప గొట్టాల ఫారోయింగ్ క్రేటు (ఈనిన తల్లి అటూ ఇటూ తిరగకుండా ఉంచే ఇరుకు చట్రం), పైన తక్కువ ఎత్తులో ఆస్బెస్టాస్ రేకులు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి వేసవిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం ఆ రేకుల కింద నిలబడితే సంగతి వేరు. తల్లిపందికి హాయిగా ఉండేది 18 నుంచి 22 డిగ్రీల మధ్య. ఆ షెడ్డులో మధ్యాహ్నం 36 దాటింది. అందుకే యజమాని ఆ మార్చిలో, మూతపడిన ఒక కోళ్ళ ఫారం నుంచి బెల్టుతో తిరిగే పెద్ద ఫ్యాన్లు రెండు కొని, షెడ్డు తూర్పు చివర గోడలో బిగించాడు. తల్లులు రొప్పుతుంటే చూడలేక చేసిన పని అది. ఉద్దేశంలో తప్పేమీ లేదు.

వచ్చిన సమస్య

ఏప్రిల్ మూడో వారంలో నన్ను పిలిచారు. అప్పటికి నెలన్నరగా ఈనిన తల్లుల పిల్లలు సరిగా పెరగడం లేదు. పుట్టినప్పుడు ఒక్కోటి 1.2 నుంచి 1.4 కిలోలు తూగుతున్నాయి, ఈతకు పది పదకొండు పిల్లలు. మొదటి రోజు అంతా బాగానే ఉంటుంది. రెండో రోజు సాయంత్రం నుంచి అరుపులు మొదలవుతాయి. నాలుగో రోజుకు ముఖాల మీద గీతలు, ముందు మోకాళ్ళ మీద చర్మం లేచిపోయిన పుండ్లు. వారం తిరిగేసరికి ఒకే ఈత పిల్లల్లో రెండు మూడు గుండ్రంగా, మిగిలినవి వెన్నెముక కనిపించేలా తయారవుతాయి. కొన్ని తల్లి కింద పడి నలిగిపోయాయి, కొన్ని ఊరికే చల్లబడి చనిపోయాయి. పాలు మాన్పించే నాటికి 9 కిలోలకు తగ్గని పిల్లలు ఇప్పుడు ఆరేడు కిలోల దగ్గర ఆగిపోతున్నాయి.

ఈనే షెడ్డు చూసుకునే ఆమె నాతో చెప్పిన మాట ఇది: "తాగతానే ఉండాయి సార్, కడుపు మాత్రం నిండేది లేదు. తల్లి లేసినాక గూడా చన్ను ఇడవవు." యజమాని చెప్పిన "పాలు లేవు" అన్న నిర్ధారణ కంటే ఈ మాటలో సమాచారం ఎక్కువ. పిల్లలు ప్రయత్నం మానలేదు, చన్నుల దగ్గరే ఉంటున్నాయి, కానీ ఫలితం లేదు.

మొదట చూసి పక్కన పెట్టినవి

గర్భాశయం వాపు, పొదుగు వాపు కలిసి పాలు ఎండిపోయే జబ్బు సాధారణంగా ఈనిన మొదటి రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది. తల్లి మేత వదిలేస్తుంది, జ్వరం 39.5 డిగ్రీలు దాటి పోతుంది, పొదుగు గట్టిపడి వేడిగా ఉంటుంది, పొట్ట నేలకు ఆనించి పడుకుని చన్నులు దాచుకుంటుంది. ఇక్కడి తల్లులు పక్కకు తిరిగి పడుకుని పొదుగు చూపిస్తున్నాయి. జ్వరం లేదు. పొదుగు మెత్తగా, నిండుగా ఉంది. దుర్వాసనతో కూడిన స్రావం ఏ తల్లిలోనూ కనిపించలేదు. అంతకుముందు ఎవరో ఇచ్చిన యాంటీబయాటిక్ కోర్సు వల్ల ఏ మార్పూ రాలేదనేది కూడా ఆ వైపు చూడవద్దనే చెప్పింది.

పిల్లల్లో విరేచనాలు లేవు. మూడో రోజు 200 మిల్లీగ్రాముల ఇనుము ఇంజెక్షన్ తప్పకుండా వేస్తున్నారు. దాణాలో బూజు అనుమానం యజమానికి బలంగా ఉంది. మొక్కజొన్న బస్తాలు చూశాను, పాలు ఎండగొట్టేంత చెడిపోయినవి కావు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకే బస్తా దాణా ఎనిమిది గదులకూ పోతోంది, సమస్య మాత్రం ఎనిమిది గదుల్లో ఒకేలా లేదు.

ఈ సంగతి రిజిస్టరులో లేదు, గోడ మీద ఉంది. చనిపోయిన ప్రతి పిల్లకూ షెడ్డు చూసుకునే ఆమె ఆ గది గోడ మీద సుద్దతో ఒక గీత గీస్తోంది. తూర్పు చివరి మూడు గదుల గోడలు గీతలతో నిండిపోయాయి, పడమటి చివర ఒకటో రెండో. తల్లులు మారుతున్నాయి, ఈతలు మారుతున్నాయి, గీతలు మాత్రం తూర్పు గదుల్లోనే పెరుగుతున్నాయి. ఈనిన ప్రతిసారీ తల్లి ఏ గదికి వచ్చిందో రిజిస్టరులో రాయాలన్న ఆలోచన ఫారాల్లో ఎవరికీ రాదు. ఆ సుద్దగీతలు లేకపోతే ఈ కేసు చాలా కాలం దాణా చుట్టూనే తిరిగేది.

తర్వాత నీళ్ళు చూశాను. పాలిచ్చే తల్లికి రోజుకు 20 నుంచి 30 లీటర్లు, వేసవిలో అంతకన్నా ఎక్కువ కావాలి. పంది నోటితో నొక్కి తాగే నిపుల్ నల్లి నిమిషానికి రెండు లీటర్లయినా ఇవ్వాలి. లీటరు మగ్గు పట్టి చూస్తే తూర్పు గదుల్లో సరిగానే వస్తోంది, పైపు లైను చివర ఉన్న పడమటి గదుల్లో అందులో సగమే. పైపులో పేరుకున్న ఉప్పు తీయించాము. అయితే నీళ్ళు తక్కువ ఉన్న గదుల్లోనే పిల్లలు మెరుగ్గా ఉన్నాయి. కాబట్టి సరిచేయవలసిన లోపమే అయినా, మా సమస్యకు కారణం అది కాదని అక్కడే తేలిపోయింది.

చేసినవి, ఫలించనివి

పిల్లలు చనిపోతుంటే ఆలోచిస్తూ కూర్చోలేము. కారణం వెతుకుతూనే కొన్ని పనులు మొదలుపెట్టాము.

మొదటిది ఆక్సిటోసిన్. దాన్ని చికిత్సగా కాక, పరీక్షగా వాడాను. తూర్పు గదిలోని ఒక తల్లికి తక్కువ మోతాదు వేసి, పిల్లలను చన్నులకు పెట్టి చూస్తే, నిమిషం తిరగకముందే పాలు చేపింది, అంటే పాలు చన్నుల్లోకి దిగాయి. దాదాపు అన్ని చన్నుల నుంచీ పాలు వచ్చాయి, పిల్లల మూతులు తెల్లబడ్డాయి. పాలు తయారవుతున్నాయి, చేపే యంత్రాంగం చెడలేదు అని దీనితో రుజువైంది. యజమాని అదే మందు రోజుకు నాలుగుసార్లు వేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. రక్తంలో దాని ప్రభావం కొన్ని నిమిషాలే ఉంటుంది; పిల్లలకు రోజుకు ఇరవైకి పైగా చేపులు కావాలి. సూదితో వాటిని భర్తీ చేయడం జరిగే పని కాదు, పైగా ప్రతి సూదికీ తల్లి లేచి కూర్చుంటుంది, మనిషి అడుగు వినిపిస్తేనే బెదరడం మొదలుపెడుతుంది.

రెండోది సీసా పాలు. బాగా నీరసించిన పిల్లలకు ఆవు పాలు పట్టించాము. ప్రాణాలు నిలబడ్డాయి, కానీ సీసాకు అలవాటుపడినవి చన్ను వదిలేశాయి. పందిలో పిల్ల తాగని చన్ను మూడు నాలుగు రోజుల్లో ఎండిపోతుంది, ఆ ఈతకు మళ్ళీ తిరిగి రావడం చాలా అరుదు. అందుకే సీసాను ప్రాణాపాయంలో ఉన్నవాటికే పరిమితం చేశాము.

మూడోది నేను వెళ్ళేసరికే జరుగుతున్నది: పిల్లలను ఒక తల్లి నుంచి మరో తల్లికి మార్చడం. చిన్నవన్నీ ఒక చోట, పెద్దవన్నీ ఒక చోట చేరిస్తే పోటీ తగ్గుతుందని యజమాని ఆలోచన. పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ పందిపిల్లలు పుట్టిన రెండు మూడు రోజుల్లోనే చన్నులు పంచుకుంటాయి. ఏ పిల్లకు ఏ చన్నో ఖాయమైపోతుంది, ఆ తర్వాత ప్రతిసారీ ఆ చన్నుకే వెళుతుంది. ఐదో రోజున, వారం తర్వాత పిల్లలను మారిస్తే కొత్తవి తమవి కాని చన్నుల కోసం పోట్లాడతాయి, పాతవి తిరగబడతాయి, ఆ గొడవలో తల్లి పాలు చేపకుండానే లేచిపోతుంది. ఒక్క పిల్లను బాగు చేయబోయి పదింటి వరస చెడగొట్టడమే అది. ముర్రుపాలు తాగిన తర్వాత, మొదటి రోజు దాటకముందే మార్చవచ్చు, ఆ తర్వాత వద్దని నియమం పెట్టాము. మార్పిళ్ళు ఆపేసరికి పోట్లాటలు తగ్గాయి, బరువులు మాత్రం పెరగలేదు.

ముఖాల మీద గాయాలు చూసి పిల్లల కోరపళ్ళు కత్తిరిద్దామని కూడా ప్రస్తావన వచ్చింది. ఆ గాయాలు ఆకలికి గుర్తు. పళ్ళు తీసేస్తే గీతలు పోతాయి, ఆకలి పోదు. మనకు దారి చూపుతున్న ఆనవాలు ఒకటి చెరిపేసుకున్నవాళ్ళమవుతాము. తల్లి చన్నులకు గాట్లు పడితే అప్పుడు ఆలోచిద్దామని వాయిదా వేశాను. పడలేదు.

గదుల ముందు కూర్చుని చూసినది

సమస్య తూర్పు నుంచి పడమరకు తగ్గుతోంది. ఆ దిశలో మారేవి ఏమిటని చూస్తే, ఫ్యాన్ల గాలి, ఫ్యాన్ల మోత, ఎండ వెలుతురు. వెలుతురు వల్ల ఇంత నష్టం జరగదు. గాలి మీద అనుమానం న్యాయమైనదే: అప్పుడే పుట్టిన పందిపిల్లకు ఒంటి మీద కొవ్వు దాదాపు ఉండదు, దానికి 34 డిగ్రీల దగ్గర వెచ్చదనం కావాలి, తల్లికి చల్లగా అనిపించే గాలి పిల్లకు చలి పుట్టిస్తుంది. అందుకని మొదట గాలిని పిల్లల మీద పడకుండా చేశాము. గదుల మధ్య గోడలకు కింది భాగాన గోనెపట్టాలు కట్టి, పిల్లల పెట్టెకు మూత పెట్టి, లోపల బల్బు వేశాము. పిల్లలు గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకోవడం మానేసి, విడివిడిగా కాళ్ళు చాచి పడుకున్నాయి, అంటే చలి తీరింది. నలిగి చావడం కొంత తగ్గింది. కానీ పొట్టలు అలాగే ఉన్నాయి.

అప్పుడు నోటుపుస్తకం, గడియారం పట్టుకుని గదుల ముందు గంటల తరబడి కూర్చున్నాను. ఇక్కడ పంది పాలివ్వడం ఎలా జరుగుతుందో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆవు గేదెలతో పెరిగిన మనకు అది కొత్తగా ఉంటుంది. ఆవు పొదుగులో పాలు నిలవ ఉండే అర ఉంది. పంది పొదుగులో అలాంటిది లేదు. పాలు సన్నని పాలగుళికల్లోనే ఉంటాయి, ఆక్సిటోసిన్ విడుదలై అవి పిండుకున్నప్పుడే చన్నులోకి దిగుతాయి. ఆ చేపు ఉండేది 20 సెకన్లకు అటూ ఇటూ, ఒక్కోసారి అంతకంటే తక్కువ. మళ్ళీ చేపు రావడానికి 40 నిమిషాల నుంచి గంట పడుతుంది. ఆ 20 సెకన్లలో చన్ను నోట్లో లేని పిల్ల తర్వాత ఎంత చీకినా చుక్క రాదు. మిగతా సమయమంతా పొదుగు నిండుగానే కనిపిస్తుంది.

ఆ 20 సెకన్లు ఎప్పుడు వస్తాయో పిల్లలకు చెప్పేది తల్లి గొంతు. పక్కకు పడుకున్న తల్లి నెమ్మదిగా గుర్రుమనడం మొదలుపెడుతుంది, సెకనుకు ఒకసారి ఉండీ లేనట్టుగా. పిల్లలు చేరి మూతులతో పొదుగును కుమ్ముతాయి. కొంతసేపటికి గురగురలు ఒక్కసారిగా జోరందుకుని సెకనుకు రెండు దాకా పోతాయి. ఆ జోరు వచ్చిన దాదాపు 20 సెకన్లకు పాలు దిగుతాయి. జోరు వినగానే పిల్లలు కుమ్మడం ఆపి, ఎవరి చన్ను వారు పట్టుకుని, చెవులు వెనక్కి పెట్టి, ఒళ్ళు బిగబట్టి నిశ్చలంగా ఉంటాయి. అప్పుడు గుటకలు కళ్ళకు కనిపిస్తాయి. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో ప్లాట్‌ఫాం నంబరు ఒక్కసారే చెప్పి బస్సు వదిలేస్తే, ఆ గోలలో వినిపించుకోని ప్రయాణికుడి పరిస్థితి ఎలాంటిదో, ఈ పిలుపు అందని పిల్లదీ అలాంటిదే.

పడమటి గదుల్లో ఈ వరస దాదాపు పుస్తకంలో ఉన్నట్టే నడిచింది. తూర్పు గదుల్లో తల్లి పొట్ట ఊగడం చూసి అది గుర్రుమంటోందని నేను తెలుసుకోవలసి వచ్చింది. చెవికి ఏమీ అందలేదు. తల్లి మొదలుపెట్టినా సగం పిల్లలు పెట్టెలోనే నిద్రపోతున్నాయి. వచ్చినవి కొన్ని కుమ్ముతున్నాయి, కొన్ని పోట్లాడుతున్నాయి. జోరు వచ్చిందని పొట్ట కదలికను బట్టి నేను రాసుకున్న సమయానికి, పది పిల్లల్లో చన్ను పట్టుకుని నిశ్చలంగా ఉన్నవి నాలుగైదు మించలేదు. కొన్నిసార్లు తగినంత కుమ్ముడు లేక చేపు రాకుండానే ముగిసిపోయింది. ఆలస్యంగా వచ్చినవి తల్లి లేచి నిలబడేదాకా చన్నులు వదలలేదు. షెడ్డు చూసుకునే ఆమె చెప్పింది సరిగ్గా ఇదే.

మొదటి రోజు ఎందుకు బాగుందో కూడా అప్పుడు అర్థమైంది. ఈనుతున్నప్పుడూ, ఆ తర్వాత కొన్ని గంటలూ ఆక్సిటోసిన్ మాటిమాటికీ విడుదలవుతుంది, ముర్రుపాలు ఎప్పుడు చన్ను పట్టినా దొరుకుతాయి. పిలుపు వినే అవసరం అప్పటికి లేదు. మొదటి రోజు గడిచే కొద్దీ పాలు విడతలవారీగా మాత్రమే దిగే పద్ధతి స్థిరపడుతుంది. పిలుపు అవసరం అక్కడే మొదలవుతుంది, మా పిల్లల అరుపులూ అక్కడే మొదలయ్యాయి.

నిరంతర శబ్దం పందుల పాలివ్వడాన్ని దెబ్బతీస్తుందని స్వీడన్‌కు చెందిన బో ఆల్గర్స్, పెర్ యెన్సెన్ 1985లోనే చూపించారు. వారు వాడిన శబ్దం కూడా ఫ్యాన్ల మోతే, 85 డెసిబెల్స్ స్థాయిలో. ఆ మోతలో పిల్లలు పొదుగును కుమ్మడం తగ్గింది. 1991లో వచ్చిన వారి తర్వాతి అధ్యయనంలో పాల ఉత్పత్తి మీద కూడా ప్రభావం కనిపించింది. యూరోపియన్ యూనియన్ పందుల సంరక్షణ నియమాల్లో 85 డెసిబెల్స్ స్థాయి నిరంతర శబ్దం ఉండకూడదని స్పష్టంగా ఉంది. మా షెడ్డులో ఫోన్ యాప్‌తో చూస్తే ఫ్యాన్ల పక్క గదిలో 80 దాటి చూపించింది. ఫోన్ అంకెలను కొలతగా నమ్మను, గదికీ గదికీ తేడా చూడడానికి మాత్రమే పనికివస్తాయి. అంతకన్నా నమ్మదగిన పరీక్ష ఒకటుంది: ఆ గదిలో యజమాని పక్కనే నిలబడి నాతో మాట్లాడడానికి గొంతు పెంచాల్సి వచ్చింది.

కరెంటు పోయిన రాత్రి

అనుమానం బలపడింది కానీ ఇంకా అనుమానమే. ఒక రాత్రి నేను అక్కడ ఉండగా కరెంటు పోయింది. జనరేటరు బోరుకు మాత్రమే ఉంది, ఫ్యాన్లు ఆగిపోయాయి. షెడ్డు నిశ్శబ్దమైన కొద్దిసేపటికి పడమటి గదిలో ఒక తల్లి గుర్రుమంది. దాని వెనకే పక్క గది తల్లి, ఆ తర్వాత మరొకటి, అలా తూర్పు చివరి గది దాకా వరసగా పాకింది. ఒక తల్లి పాలివ్వడం విని పక్క తల్లులు కూడా మొదలుపెట్టడం పందుల్లో తెలిసిన ప్రవర్తనే. ఇంతవరకు ఈ షెడ్డులో అది నాకు కనిపించలేదు. ఒకేసారి అందరూ పాలిస్తే పక్క గది పిల్లల అరుపులు ఈ గది చేపును చెడగొట్టవు. మోత వల్ల ఆ సమన్వయం కూడా పోయిందన్నమాట. టార్చి వెలుతురులో తూర్పు గదులు చూశాను. పెట్టెల్లోంచి పిల్లలు పరుగెత్తుకొచ్చి చన్నులు పట్టాయి. జోరు, ఆపై నిశ్చలత, గుటకలు.

కరెంటు ఉదయానికి గానీ రాలేదు. రాత్రంతా తూర్పు గదుల్లో చేపులు 50 నిమిషాలకు అటూ ఇటుగా వచ్చాయి.

ఒక్క రాత్రి చూసినదాని మీద ఫ్యాన్లు తీసేయమనడం సరికాదు. యజమాని అభ్యంతరం కూడా బరువైనదే: "డాక్టరు గారూ, ఫ్యాన్లు ఆపితే మధ్యాహ్నానికి తల్లులే పడిపోతాయి కదా?" వేడికి తల్లి మేత తగ్గిస్తుంది, మేత తగ్గితే పాలు నిజంగానే తగ్గుతాయి. మోత వల్ల జరిగే నష్టాన్ని తీసి వేడి వల్ల జరిగే నష్టాన్ని తెచ్చుకుంటే ప్రయోజనం లేదు. అయితే బెంగళూరులో ఏప్రిల్ రాత్రులు 22 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. రాత్రి ఫ్యాన్లు తల్లికి అవసరమే లేదు, అలవాటుగా తిరుగుతున్నాయి. కాబట్టి సాయంత్రం నుంచి ఉదయం దాకా ఫ్యాన్లు ఆపి, కొత్తగా ఈనిన రెండు తూర్పు గదుల పిల్లలను రోజూ ఒకే వేళకు తూచమన్నాను. తల్లులకు వచ్చే నష్టం లేని మార్పు కనుక యజమాని ఒప్పుకున్నాడు. ఐదారు రోజుల్లోనే తేడా తక్కెడ మీద కనిపించింది. పొట్టలు ముందే చెప్పాయనుకోండి.

పని చేసిన మార్పులు

మధ్యాహ్నం సంగతి మిగిలింది. ఫ్యాన్ల మోతలో సగానికి పైగా గాలిది కాదు. అరిగిన బేరింగు, వదులైన బెల్టు, రేకు షట్టర్లు కొట్టుకునే చప్పుడు. రేకుల కప్పు దాన్ని తిప్పి లోపలికే కొడుతోంది. ఒక ఫ్యాను పూర్తిగా తీసేశాము. రెండో దాన్ని బాగుచేయించి, గోడ నుంచి విడదీసి, బయట వేరే ఇనుప చట్రం మీద రబ్బరు దిమ్మల మీద నిలబెట్టి, మధ్యాహ్నం కొన్ని గంటలకే పరిమితం చేశాము. కప్పు మీద సున్నం కొట్టించి, కొబ్బరి మట్టలు పరిచాము. తల్లి మెడ మీద బొట్లు బొట్లుగా నీళ్ళు పడే సన్నని పైపు వేశాము. పిల్లల పెట్టె వైపు తడి రాకుండా నేల వాలు సరిచేయాల్సి వచ్చింది. దాణా వేళలను తెల్లవారుజామున ఐదింటికీ, చీకటి పడ్డాక ఏడింటికీ మార్చాము. చల్లని వేళ తల్లులు తొట్టి నాకేస్తున్నాయి.

పనివాళ్ళ రేడియో కూడా షెడ్డు బయటికి వెళ్ళింది. దాని వల్ల పెద్ద నష్టం ఉందని నేను అనను, కానీ ఆ వారం అందరూ చెవులు పెట్టి వినడం నేర్చుకుంటున్నారు, రేడియో తనంతట తానే అడ్డమైంది.

ఈనడానికి ముందు రోజు తల్లి గూడు కట్టుకోవాలని చూస్తుంది. ఇనుప క్రేటులో ఉన్నా సరే, మూతితో నేలను తవ్వుతుంది, గొట్టాలను కొరుకుతుంది. పాత కొట్టంలో రాగి గడ్డి ఉండేది, కొత్త షెడ్డులో శుభ్రత పేరుతో తీసేశారు. పాలకూ దీనికీ నేరుగా సంబంధం అంటగట్టను. కానీ నెమ్మదిగా పడుకునే తల్లి పిల్లలను తక్కువగా నలుపుతుంది కనుక, రెండు పిడికిళ్ళ గడ్డి, ఒక గోనె సంచి వేయమన్నాను. కాలువకు అడ్డం పడుతుందని మొదట్లో గొణిగారు, ముక్కలుగా కత్తిరించి వేయడంతో ఆ ఇబ్బంది తీరింది.

ఫలితం, మిగిలిన చిక్కులు

ఆ తర్వాత ఈనిన విడతలో తూర్పు, పడమటి గదుల మధ్య తేడా దాదాపు పోయింది. పాలు మాన్పించే బరువులు పాత స్థాయికి వచ్చాయి. అప్పటికే చిక్కిపోయిన పిల్లలు మాత్రం కోలుకోలేదు. మొదటి వారాల్లో వెనకబడినవి చివరిదాకా వెనకే ఉన్నాయి, వాటిని నష్టానికి అమ్మారు. మునుపటి ఈతలో చన్నులు దెబ్బతిన్న ఒక తల్లి ఏ గదిలో పెట్టినా పిల్లలను పోషించలేకపోయింది, దాన్ని మంద నుంచి తప్పించారు. ఆ ఒక్క తల్లి విషయంలో మాత్రం "పాలు లేవు" అన్న మాట నిజమే.

ఈ ఫలితాన్ని ఒక్క శబ్దం ఖాతాలో రాయడానికి వీల్లేదు. నీళ్ళు, దాణా వేళలు, పిల్లల మార్పిళ్ళు ఆపడం, అన్నీ దగ్గర దగ్గరగా జరిగాయి. జూన్‌లో వానలు పడి వేడి కూడా తగ్గింది. నా వాదనకు నిలబడే ఆధారాలు మూడు: సమస్య తూర్పు నుంచి పడమరకు తగ్గుతూ రావడం, గాలి ఆపినా రాని మార్పు మోత ఆపితే రావడం, మొదటి రోజు పిల్లలు బాగుండడం. వీటిలో మూడోది నాకు అన్నిటికన్నా బలమైనదిగా కనిపిస్తుంది. మరుసటి వేసవిలో అదే షెడ్డులో, అంతే ఎండలో, పిల్లలు సక్రమంగా పెరిగాయి, సుద్దగీతలు గదులన్నిటిలో పలచగానే ఉన్నాయి.

ఇప్పుడు పాలు లేవని ఎవరు పిలిచినా, తల్లి జ్వరం చూసిన తర్వాత, సిరంజీ తీయకముందు రెండు చేపులు పూర్తిగా చూస్తాను. గంట, గంటన్నర పడుతుంది. ఆ సమయం ఇవ్వడానికి చాలామంది యజమానులు ఇష్టపడరు, డాక్టరు ఊరికే కూర్చున్నాడనుకుంటారు. పాలు చేపలేదా, చేపినా పిల్లలు అక్కడ లేవా, ఉన్నా చన్ను దొరకలేదా అన్న మూడింటిలో ఏదో ఆ గంటలో తెలిసిపోతుంది. మూడింటికీ చేయవలసిన పనులు వేరు.

ఈ ఫారంలో క్రేటు విషయం ఇంకా తేలలేదు. ఈనిన నాలుగైదు రోజులకు, పిల్లలు చురుకుగా తప్పుకోగలిగే సమయానికి, పక్క గొట్టాలు తెరిచి తల్లిని తిరగనివ్వాలని నా సలహా. స్వీడన్‌లో తల్లిపందులను విడిగా తిరగనిచ్చి పెంచాలన్న చట్టం 1988లోనే వచ్చింది, అది జరగని పని కాదు. యజమాని భయం ఒక్కటే, నలిగి చచ్చే పిల్లల లెక్క మళ్ళీ పెరుగుతుందని. రెండు గదుల్లో గొట్టాలకు కీళ్ళు పెట్టించి ఒప్పించగలిగాను. మిగిలిన ఆరింటి సంగతి, ఆ రెండు గదుల గోడల మీద గీతలు చూశాక మాట్లాడదామన్నాడు.